నీళ్ళమామ్మ ముక్కులు

నీళ్ళమామ్మ పోయిందని మంగ ఫోను చేసినప్పుడు, ఎలా పోయింది, ఏమైంది అని నేను అడగలేదు. "జనం బాగా వచ్చేరా?" అని అడిగాను.

నోరు జారి అన్న మాట కాదు. మనసులో ముందుగా పుట్టిన ప్రశ్న అదే. మంగ నా దగ్గర ఒకప్పుడు పనిచేసిన ఆయా, అమాయకురాలు. నా గొంతులో ఏముందో దానికి తట్టలేదు. "వీధి పట్టట్లేదండి సిస్టరమ్మగారూ! రాజోలు నించీ తాటిపాక నించీ బళ్ళేసుకుని వచ్చేత్తన్నారండి. మూడింటికి తీసేత్తారంట. మీరొత్తారా అండి?" అంది.

"చూస్తాలే" అని పెట్టేశాను. చేతిలో కాఫీ చల్లారిపోయింది. రేపు నేను పోతే ఎవరెవరొస్తారా అని వేళ్ళు మడవడం మొదలుపెట్టాను. అమ్మాయి, అల్లుడు, పక్కవాటాలో మాస్టారు దంపతులు, పాలు పోసే ఆవిడ. రెండో చెయ్యి ఎత్తేసరికి పేర్లు అయిపోయాయి.

నేను ముప్ఫై ఏళ్ళకి పైగా ప్రభుత్వంలో ఏఎన్ఎమ్‌గా చేసినదాన్ని. మామిడికుదురు దాపుల ఒక ఊరి సబ్ సెంటర్లో పన్నెండేళ్ళు, తర్వాత ముక్తేశ్వరం వైపు, ఆ తర్వాత కొత్తపేట వైపు. నా చేతుల్లో పడ్డ పిల్లలందర్నీ పిలిచి వరసగా కూచోబెడితే ఏ కల్యాణ మండపమూ చాలదు. మరి ఆవిడ? ఎవరో కన్న పిల్లలకి, ఇంకెవరో పురుడు పోశాక, తీరిగ్గా వచ్చి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసేది. అంతకు మించి ఏం లేదు. వీధి పట్టనంత జనం మాత్రం ఆవిడకి.

దీన్ని అసూయ అంటారు. నాకు తెలుసు. పేరు మార్చి చెప్పే ఓపిక ఈ వయసులో లేదు.

ఆవిడ అసలు పేరేమిటో నాకిప్పటికీ తెలీదు. ఓటరు కార్డులో ఉండే ఉంటుంది. ఆ ఊరి ఆడవాళ్ళందరి పేర్లూ నా రిజిస్టర్లో ఉండేవి, ఆవిడది తప్ప. నేనక్కడ చేరేసరికే ఆవిడకి పురుళ్ళ వయసు దాటిపోయింది. ఊరందరికీ నీళ్ళమామ్మ. పసిపిల్లలకి నీళ్ళు పోసే మామ్మ కాబట్టి నీళ్ళమామ్మ.

పొట్టిగా, బక్కగా, నల్లగా ఉండేది. మనిషి మొత్తం మీద చెప్పుకోదగ్గవి ఆ కాళ్ళే. మోకాళ్ళ నించి మడమల దాకా నూనెకీ వేణ్ణీళ్ళకీ నున్నబడిపోయి, బాగా అరగదీసిన కొబ్బరిచిప్పలా మెరుస్తుండేవి. ఎక్కడ కూచున్నా రెండు కాళ్ళూ జతగా ముందుకి చాపుకునే కూచునేది. బస్సు కోసం అరుగు మీద కూచున్నా అంతే, రేషను షాపు దగ్గరైనా అంతే, పెళ్ళిపందిట్లో అయినా అంతే. నలుగురూ నడిచే దారిలో ఆ కాళ్ళేమిటని నాకు ఒళ్ళు మండేది. మిగతావాళ్ళు మాత్రం ఆ కాళ్ళు దాటకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు. ఒకసారి అడిగేశాను, కాళ్ళు ముడుచుకుని కూచోలేవా మామ్మా అని.

"ముడుచుకుంటే ఎవరో జారిపోతన్నట్టుంటదండి" అంది.

ఆవిడ నీళ్ళు పోస్తుంటే చూడాలి. చూశాను కూడా, తప్పులు పడదామని. దొడ్లో పీట వాల్చుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, కాళ్ళు చాపి, పిల్లని బోర్లా వేసుకునేది. ముందు కొబ్బరినూనె, తర్వాత సున్నిపిండి. కాగులో నీళ్ళు మోచేత్తో చూసుకుని చెంబుతో వీపు మీద పోస్తుంటే అప్పటిదాకా గుక్కపట్టిన పిల్ల టక్కున ఊరుకునేది. తర్వాత వెల్లకిలా తిప్పి, చేతులు కత్తెర వేసి, కాళ్ళు కత్తెర వేసి, తల గుండ్రంగా నిమిరి, అప్పుడు మొదలయ్యేది అసలు పని. బొటనవేలూ చూపుడువేలూ నూనెలో ముంచి పిల్ల ముక్కుని నుదుటి దగ్గర్నించి కిందికి సాగదీసేది. రోజుకి మూడుసార్లు. అలా మూడు నెలలు. చివర్న అరచేతిలో నీళ్ళు తీసుకుని తల చుట్టూ తిప్పి పారబోసి, "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుస్సు" అనేది. ఆ ముక్క మాత్రం ఎవరికో వినబడాలన్నట్టు గట్టిగా అనేది.

ఆ ముక్కులన్నీ ఆవిడ సొంతం. అలాగని ఆవిడ లెక్క. ఎదిగి పెద్దవాళ్ళయినా సరే, ఆవిడ ఎదురుపడితే గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పి, ముక్కు దూలం మీద రెండు వేళ్ళూ వేసి ఒక్క నొక్కు నొక్కి, "ఇది నాదే" అనేది. పెళ్ళిపీటల మీద కూచున్న పెళ్ళికొడుకైనా తప్పించుకోలేడు. దుబాయి నించి నల్లకళ్ళద్దాలతో దిగిన కుర్రాళ్ళు, ఇంటికెళ్ళే ముందే ఆవిడ అరుగు దగ్గర ఆగి, కళ్ళద్దాలు తీసి మొహం వంచేవాళ్ళు. బడి వార్షికోత్సవంలో ఒకసారి సర్పంచిగారు మైకు ముందు నిలబడి ఉండగా ఆవిడ స్టేజీ ఎక్కి ఆయన గడ్డం పట్టుకుంది. ఆయన ఉపన్యాసం ఆపి వంగాడు. "ఆయ్, నాదే" అని దిగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ సభలో నేనూ ఉన్నాను. పోలియో చుక్కల గురించి ఐదు నిమిషాలు మాట్లాడాను. దానికి కొట్టిన చప్పట్లు ఎలాంటివో చెప్పక్కర్లేదు.

ముక్కు నచ్చకపోతే మొహమాటం లేదు. "ఇది నాది కాదు. నీకు అమ్మమ్మగారింట్లో పోసేరు కదా నీళ్ళు? అదీ సంగతి" అని వదిలేసేది. తొలిచూలు పిల్లలు పుట్టింటి ఊళ్ళో పుడతారు కనక, మా ఊళ్ళో పెద్దకొడుకులందరివీ ఆవిడ లెక్కలో పరాయి ముక్కులు.

మా అమ్మాయిది కూడా. మా అమ్మ అప్పటికే లేదు కాబట్టి నేను పుట్టింటికి వెళ్ళలేదు. ఆ ఊళ్ళోనే కన్నాను, దానికి నేనే నీళ్ళు పోశాను, నొక్కుళ్ళూ సాగదీతలూ లేకుండా, పుస్తకంలో రాసినట్టు. దానికి నాలుగేళ్ళప్పుడు ఓ పెళ్ళిలో నీళ్ళమామ్మ దాని గడ్డం పట్టుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. "నాది కాదండి" అని నిట్టూర్చి, "పిల్ల మట్టుకు బంగారమేలెండి" అంది. పందిరంతా ఘొల్లుమంది. మా అమ్మాయి అందరికంటే ఎక్కువ నవ్వింది. వాళ్ళ నాన్న ముక్కే దానిది, చప్పిడిది, అందులో నా తప్పేముంది? అయినా ఆ రాత్రి భోజనం సయించలేదు. మొన్నామధ్య హైదరాబాదులో దానికి పాప పుడితే, నేను పక్కనుండగానే "నీళ్ళమామ్మని తీసుకురాగలిగితే ఎంత బావుణ్ణమ్మా" అంది. కడుపున పుట్టినదే అంటే ఇంక ఊరినని ఏం లాభం?

నా సంగతీ చెప్పాలి కదా. నొప్పులు పడుతున్నప్పుడు పక్కన ఎవరున్నారో ఏ తల్లికీ గుర్తుండదు. "ఆ బాధలో ఏం తెలుసునండి" అంటారు. నిజమే. ఆ తర్వాత పిల్లలకి తెలిసే నేను సూది పట్టుకున్న నేను. అన్నం తినకపోతే "అదిగో, సిస్టరమ్మ వచ్చి సూదేసేత్తది" అని నన్ను చూపించి ముద్దలు పెట్టేవాళ్ళు. నా చీర వీధి మలుపులో కనబడితే పిల్లలు పరిగెత్తేవాళ్ళు. ఎక్కడికీ? సరాసరి ఆవిడ కాళ్ళ మీదికి. నేను టీకా వేసి ఏడిపించిన ప్రతి పిల్లనీ ఆవిడే ఊరుకోబెట్టింది. ఆ ఊళ్ళో పన్నెండేళ్ళూ ఇదే వరస.

చేరిన ఆరో ఏట అనుకుంటాను, ఆవిణ్ణి సబ్ సెంటరుకి పిలిపించాను. నేను కుర్చీలో, ఆవిడ గుమ్మం దగ్గర నేల మీద, కాళ్ళు చాపుకుని.

"ముక్కుల్లో చెవుల్లో నూనె పొయ్యకూడదు. ముక్కు శుభ్రం చెయ్యడానికి నోటితో ఊదకూడదు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే పిల్ల చచ్చిపోతుంది, తెలుసా?"

"ఆయ్."

"సాంబ్రాణి పొగ మొహం మీదికి పెట్టకూడదు."

"ఆయ్. అలాగేనండి."

"ముక్కు నొక్కితే ముక్కు రాదు. అమ్మానాన్నల పోలికే వస్తుంది. అదంతా వట్టిమాట."

ఈసారి ఆయ్ అనలేదు. నా మొహంలోకి చూసింది. ఎంతో జాలిగా, "మీకు చిన్నప్పుడు ఎవరు పోసేరండి నీళ్ళు?" అని అడిగింది.

ఎగతాళి లేదందులో. ఉంటే నాకు ఇంత కాలం గుచ్చుకునేది కాదు. ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నా ముక్కు అంత చెప్పుకోదగ్గదేం కాదు.

తర్వాత జరిగింది ఇంకా విడ్డూరం. ఆరేళ్ళుగా ఇంటింటికీ తిరిగి నేను మొత్తుకుంటున్న మాట, ముక్కులో నూనె పొయ్యొద్దని, ఎవరూ చెవిన పెట్టలేదు. ఆవిడ పది రోజుల్లో ఊరంతా మాన్పించేసింది. "సిస్టరమ్మగారు వద్దన్నారండి. ఇంక నేనెయ్యను, మీరూ ఎయ్యకండి" అని ప్రతి దొడ్లోనూ చెప్పిందట. ముక్కు నొక్కడం మాత్రం మానలేదు. పై అధికారి వచ్చి చూసి, మీ ఊళ్ళో మార్పు బాగుందమ్మా అని నన్ను మెచ్చుకున్నాడు. నేను సంతోషించాలి కదా? నా మాట ఆవిడ నోట్లోంచి వస్తేనే ఊరు విన్నదని కుళ్ళిపోయాను.

ఇక ఆ వరద రోజు.

శ్రావణమాసం. గోదారి పొంగి కాజ్‌వే మునిగిపోయింది, అంబులెన్సు వచ్చే దారి లేదు. మధ్యాహ్నం పూట గోదారి మధ్య లంకలోంచి ఒకమ్మాయిని పడవ మీద తీసుకొచ్చారు. తొలికాన్పు. పుట్టింటికి పంపేలోపే వరదొచ్చింది. ఆ పిల్ల అత్తగారు కూడా ఉంది. వాళ్ళు కబురు పెట్టారేమో, నీళ్ళమామ్మ వేణ్ణీళ్ళ తప్పేలాతో వరండాలో తయారు. నాకు చిరాకేసి, "బయటే ఉండు, లోపలికి రాకు" అని కసిరాను.

పిల్లాడు పుట్టాడు. ఏడవలేదు.

నీలంగా, మెత్తగా, తడిగుడ్డలా ఉన్నాడు. గొట్టం పెట్టి గొంతులో ఉన్నది లాగాను. వీపు రుద్దాను. అరికాళ్ళ మీద వేలితో కొట్టాను. ఊహూఁ. అత్తగారు తల బాదుకుంటూ ఏడుపు లంకించుకుంది. నేను గాజుగుడ్డ అడ్డం పెట్టి పిల్లాడి ముక్కూ నోరూ కలిపి నా నోటితో మూసి ఊదాను. బుగ్గల్లో పట్టేటంత గాలి, మెల్లిగా, ఇంకోసారి, మళ్ళీ ఇంకోసారి. నోటితో ఊదకూడదని ఆవిడకి చెప్పిన నోటితోనే. తలెత్తితే గుమ్మంలో ఆవిడ. లోపలికి రాలేదు. అత్తగారి నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టి, "ఉండమ్మా, సిస్టరమ్మగారు పని చేసుకుంటన్నారు" అంటోంది.

ఎంతసేపు ఊదానో నాకు తెలీదు. నా చేతికింద ఆ వీపు ఒక్కసారి ఎగిరింది. తర్వాత ఒక చిన్న మూలుగు. అప్పటిగ్గానీ చూడలేదు, ఎడం చెవి కింద చింతగింజంత మచ్చ ఉంది వాడికి. అవతల తల్లిని చూసుకోవాలి. దగ్గర్లో ఉన్న చేతులకి అందించాను. అవి ఆవిడవి. ఆవిడ తుడిచి, గుడ్డలో చుట్టి, అక్కడే నేల మీద చతికిలబడి కాళ్ళు చాపి వాణ్ణి వేసుకుంది. వాడు అప్పుడు ఎత్తుకున్నాడు రాగం, సబ్ సెంటరు పెంకులు లేచిపోయేటట్టు. అత్తగారు కళ్ళు తెరిచి చూసింది సరిగ్గా ఆ క్షణమే.

ఇంక చెప్పేదేముంది? మామ్మ కాళ్ళ మీద పడగానే పిల్లాడు లేచాడని వారం తిరిగేసరికి ఊరూ లంకా మోగిపోయింది. టైలరు దగ్గర జాకెట్టు కోసం నిలబడి ఉంటే, నాకే చెప్పింది ఒకావిడ, నేనక్కడ లేనట్టు, పూసగుచ్చినట్టు. నేను నోరు విప్పలేదు. విప్పితే నా నోటితో నేనే డప్పు కొట్టుకున్నట్టుండదూ? పదకొండో రోజు పురుడు నాడు అందరి ముందూ ఆవిడకి కొత్త చీర పెట్టారు. నాకు అరటిపళ్ళ అత్తం ఇచ్చారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా అనుకున్నాను. ఆవిడ ఆ చీర చేత్తో పట్టుకుని, "కాదండి, నేను కాదండి..." అంటూ ఏదో చెప్పబోతోంది. వాయిద్యాల గోలలో సరిగ్గా వినపడలేదు. నాకు వినే ఓపికా లేదు. పళ్ళు అక్కడే వదిలేసి వచ్చేశాను.

మరుసటేడు నాకు బదిలీ అయింది. సామాను బస్సు మీద వేయించి ఎక్కుతుంటే అరుగు మీదనించి ఆవిడ చెయ్యెత్తింది. నేను టిక్కెట్టు తీసుకుంటున్నట్టు అటు తిరిగాను. ఆవిడతో నా పరిచయం అంతటితో ముగిసింది. నిజానికి ఎక్కడ ముగిసింది? ఇరవయ్యారేళ్ళుగా ఆ పిల్లాడితో మనసులో ఒకే మాట అంటున్నాను. నీకు ఊపిరి పోసింది నేను. వాడు ఎక్కడున్నాడో తెలీదు. బస్సుల్లో, బ్యాంకుల్లో ఆ ఈడు కుర్రాళ్ళు కనబడితే నా చూపు ఎడం చెవి కిందికే పోయేది.

నా రిటైర్మెంటు సభలో శాలువా కప్పారు. ఫ్లాస్కు ఇచ్చారు. నా పేరు కాగితంలో చూసి చదివారు. నేను పురుడు పోసిన పిల్లలెవరూ రాలేదు, వాళ్ళకెవరు చెప్తారు? నాకు మాట్లాడే వంతు వచ్చినప్పుడు, కాళ్ళ మీద వేసుకుని ముక్కులు పిండే మూర్ఖత్వం మీద జీవితమంతా పోరాడానని చెప్పుకున్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఇన్ని గుర్తు చేసుకుని, మూడింటికి తీస్తారన్న మాట తల్చుకుని, బీరువా తెరిచాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. డ్యూటీ రోజుల్లో కట్టినలాంటి చీర ఏరి మరీ తీశాను. చావుకి వెళ్తూ ఆ చీరెందుకో నాకు తెలుసు. చూసి ఎవరైనా గుర్తుపడతారేమోనని. అమలాపురంలో బస్సెక్కి, బోడసకుర్రు వంతెన దాటి, ఆ ఊరి సెంటర్లో దిగేసరికి రెండు దాటింది.

మంగ అబద్ధం చెప్పలేదు. టెంటు కింద పట్టక జనం కొబ్బరిచెట్ల నీడల్లోకి సర్దుకున్నారు. లారీ డ్రైవర్లు, కొబ్బరి దింపు తీసేవాళ్ళు, చేపలమ్మే ఆడవాళ్ళు, ఇస్త్రీ చొక్కాల మేష్టర్లు. ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు, మధ్యమధ్య తెలీకుండానే ఎవరి ముక్కు వాళ్ళు తడుముకుంటున్నారు. ఒకాయన, వయసు యాభై దగ్గర పడుతుందేమో, బాహాటంగా ఏడుస్తున్నాడు.

నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. చీరని కూడా.

దగ్గరికెళ్ళి చూశాను. బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టారు. పోయినవాళ్ళందరికీ కడతారు, ఆవిడ కాళ్ళకి మాత్రం ఆ కట్టు అక్కర్లేదు. అవి ఎప్పుడూ అలాగే ఉండేవి. మొహం చూశాను. పసుపు రాసి, ముక్కులో దూది పెట్టారు. ఆ ఊళ్ళో ఉన్న పన్నెండేళ్ళలో ఆవిడ ముక్కెలా ఉందో నేను ఎప్పుడూ చూడలేదు. అణిగిపోయి, కాస్త పక్కకి ఒరిగి, అచ్చం మా అమ్మాయి ముక్కులా ఉంది. నీకెవరు పోసేరు మామ్మా నీళ్ళు, అని అడగాలనిపించింది.

"పెద్దమ్మగారూ, ఎండలో నిలబడిపోయేరు. ఇలా కూచోండి." ఒక కుర్రాడు కుర్చీ తెచ్చి వేశాడు. గ్యాసు ప్లాంటులో కాంట్రాక్టు పనివాళ్ళు వేసుకునే చొక్కా వేసుకున్నాడు. మంచినీళ్ళ బాటిలు మూత తీసి ఇచ్చాడు. "మామ్మకి మీరేమవుతారండీ?"

నీళ్ళు తాగుతూ చూశాను. ఎడం చెవి కింద, చింతగింజంత.

ఇరవయ్యారేళ్ళ మాట నాలిక చివర ఉంది. వెనక పాడె కడుతున్నారు. ఆవిడ అక్కడ పడుకుని ఉండగా, ఆవిడ కోసం ఏడ్చి కళ్ళు వాచిన పిల్లాడితో, నీకు ఊపిరి పోసింది నేను అని ఎలా అనను? అనకుండా ఎలా ఉండను? ఇప్పుడు అనకపోతే ఇంకెప్పుడూ లేదు.

"ఏమీ కాను బాబూ" అన్నాను. "ఎప్పుడో ఇక్కడ నర్సుగా చేశాను."

వెళ్ళబోతున్నవాడు ఆగాడు. "సబ్ సెంటర్లోనా అండి? పెద్ద వరదప్పుడా?"

"ఆఁ."

"ఊపిరి సిస్టరమ్మగారు మీరేనా అండి?"

తలూపాను. వాడు నా కుర్చీ పక్కన గొంతుక్కూచున్నాడు.

"మా నాయనమ్మ ఎప్పుడూ అనేదండి, నువ్వు మామ్మ కాళ్ళ మీద లేచేవురా అని. మామ్మ ఒప్పుకునేది కాదండి. కనపడినప్పుడల్లా నా ముక్కు నొక్కి, ముక్కు నాదిరా, ఊపిరి సిస్టరమ్మగారిది, అనేదండి. ఊపిరాడకపోతే ఒట్టి ముక్కు నేనేం చేసుకుందును, అనేది. పాత సబ్ సెంటరు వైపు నన్ను తిప్పి దణ్ణం పెట్టించేదండి చిన్నప్పుడు. అదేదో గుడి అనుకునేవోణ్ణి."

"ఇంకా ఏమనేది?" అన్నాను. సిగ్గు లేకుండా అడిగాను. ఎన్నాళ్ళ ఆకలి!

"నోటితో ఊదొద్దని నన్ను కేకలేసిన మనిషే, ఆవిడే ఊదింది, వీడు లేచేడు, చదువుకున్నోళ్ళ ఊపిరి వేరమ్మా, అని నవ్వేదండి." వాడూ నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు. "మీరు బదిలీ అయి ఎటెళ్ళేరో మామ్మకి తెలీదండి. సిస్టరమ్మగారు ఎప్పుడైనా వస్తే నీ మొహం చూపిద్దువుగాని, నీ ముక్కు నేనెలా చేసేనో కూడా చూస్తారు, అనేదండి."

అని, అలవాటు చొప్పున కాబోలు, గడ్డం ఎత్తి మొహం నా ముందు పెట్టాడు. ఆవిడ ముందు అందరూ పెట్టినట్టు.

చక్కటి ముక్కు. కొనదేరి, నిటారుగా. ఇది నొక్కితే వచ్చింది కాదని పుస్తకం చెప్తుంది. ఆవిడకైతే గడ్డం పట్టుకోవడం ఉంది, నొక్కడం ఉంది, నాదే అనడం ఉంది. ఊపిరిని ఎక్కడ పట్టుకుని చూస్తారు? చివరికి చెయ్యి చాపి వాడి వీపు మీద, రెండు రెక్కల మధ్య పెట్టాను. ఆ రోజు రుద్దిన చోటే. పెద్ద వీపయింది. నా అరచేతి కింద లేస్తోంది, దిగుతోంది. కాసేపు అలాగే ఉంచాను. వాడు కదల్లేదు.

"నాదే" అనుకున్నాను. పైకి అనలేదు.

ఈలోపు ఎవరో పిలిచారు. వాడు వెళ్ళి పాడెకి ముందువైపు భుజం పట్టాడు. లేపేముందు ఒక ముసలాయన చెంబులో నీళ్ళు తీసుకుని ఆవిడ తల చుట్టూ తిప్పి పారబోశాడు. శ్రీరామరక్ష అనలేదు. జనం వెనక వీధి చివరిదాకా నడిచి నేను ఆగిపోయాను. అప్పుడు ఏడ్చాను, గట్టిగానే.

బస్సులో కూచున్నాక ఏడుపు తగ్గింది, మంట మొదలైంది. ఆవిడ ఇరవయ్యారేళ్ళు నా మాట మోసింది. నేను ఆ ఇరవయ్యారేళ్ళూ ఆవిణ్ణి ఆడిపోసుకున్నాను, ఒకసారి మైకు పెట్టి మరీ. నా బతుకు ఎవరికైనా అక్కరకొచ్చిందా అని దేవుళ్ళాడుతుంటే, వచ్చిందని చెప్పే ఒకే ఒక్క సాక్ష్యాన్ని ఆవిడ భద్రంగా పెంచి పెద్ద చేసి ఉంచింది, ముక్కుతో సహా. నేనైతే అలా చేసేదాన్ని కాదు. అందుకే ఆవిడంటే ఇప్పటికీ నాకు కుళ్ళు. ఇదివరకటి కంటే ఎక్కువ.

ఇంటికి రాగానే అమ్మాయి ఫోను.

"వెళ్ళేవా అమ్మా? జనం బాగా వచ్చేరా?"

అడగడం నా పోలికే. "వీధి పట్టలేదే" అన్నాను.

"అయ్యో, రేపు నీకు అంతమందిని నేనెక్కణ్ణించి తేనమ్మా?" అని నవ్వింది. నా మనసు దానికి తెలుసు, అందుకే అలా అంటుంది.

"అంతమంది వద్దు. ఒకడొస్తాడు. ఎడం చెవి కింద చింతగింజంత మచ్చ ఉంటుంది. కుర్చీ వేసి కూచోబెట్టు."

ఫోను పెట్టేశాక తట్టింది. వాణ్ణి పంపించేది కూడా ఆవిడే.